పూత మీద అమ్మిన బతుకు

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, చింతలపూడి నుంచి.

మా వైపు మామిడి తోటల బేరాలు ఎలా సాగుతాయో మీరు వినే ఉంటారు. పూత విచ్చుకోగానే కొనేవాళ్ళు తోటలోకి దిగుతారు. చెట్టు చెట్టుకీ తిరిగి కొమ్మలు చూసి, మనసులో ఓ లెక్క కట్టుకుని ధర చెబుతారు. పిందె ఎంత నిలుస్తుందో, కాయ ఎంత దిగుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. రైతుకి అప్పులుంటాయి, ఎదిగిన కూతురుంటుంది. చేతిలో రొక్కం పడితే చాలనుకుని సరేనంటాడు. ఆ బేరంలో కూడా ఒక ధర్మముంది. గాలివానకి పిందె రాలిపోతే నష్టం కొన్నవాడిది. రైతు ఇంటికొచ్చి ఆ డబ్బు తిరిగిమ్మని ఎవరూ అడగరు.

ఆరేళ్ళ క్రితం మే నెలలో, మా మనవడు పుట్టిన మూడో రోజున, మేమూ అలాంటి బేరమే చేశాం. వాడి బతుకుని పూత మీద అమ్మేశాం. కాకపోతే ఇందులో నష్టం కొన్నవాళ్ళది కాదు. మొత్తం పిల్లాడి నెత్తినే పడింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ కనక సీమంతం చేసి అమ్మాయిని హైదరాబాదు నుంచి నేనే తెచ్చుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి నొప్పులు మొదలైతే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకి తీసుకెళ్ళాం. దాని పేరు ఇక్కడ రాయను. ఒక ఆసుపత్రి మీద కక్ష తీర్చుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తెల్లవారుజామున బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. నేను తలుపు బయట నిలబడి ఏడుపు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. లోపల చెప్పుల చప్పుడు, ట్రే కింద పడ్డ చప్పుడు, ఎవరో ఎవరినో కేకేసిన చప్పుడు వినిపించాయి గానీ ఏడుపు వినిపించలేదు. కాసేపటికి నర్సమ్మ వచ్చి "ఉమ్మనీరు మింగాడమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అని గుడ్డలో చుట్టిన బిడ్డని మా చేతుల్లో పెట్టింది.

ఆ తెల్లవారుజాము గురించి ఈ రోజు నా దగ్గరున్న సాక్ష్యం అరచేతంత కాగితం ఒక్కటే. పెద్దాసుపత్రికి పంపుతూ రాసిచ్చిన చీటీ అది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో పాటు దాచాను. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాను. మూడే మూడు వరుసలు. బిడ్డ మగ. బరువు 2.9 కిలోలు. పుట్టిన సమయం దగ్గర మాత్రం అంకె దిద్ది ఉంది. 4 మీద 5 రాశారో, 5 మీద 4 రాశారో ఎంత వెలుతురులో పెట్టి చూసినా తేలదు. ముప్పై ఏళ్ళు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని, నాకే తేలలేదు. ఆ దిద్దుబాటు వెనక తప్పు జరిగిందని నేను అనడం లేదు. తప్పు జరిగిందో లేదో తేల్చే మిగతా కాగితాలు ఈ భూమ్మీద లేకుండా పోయాయి అంటున్నాను.

బిడ్డ పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. మూడో రోజు సాయంత్రం ఊరి పెద్దమనుషులు ఇద్దరొచ్చారు. చెడ్డవాళ్ళు కాదు, మా మంచి కోరేవాళ్ళే. "డాక్టరమ్మ మీద గొడవ పెట్టుకుని ఏం బావుకుంటారు? రేపు మళ్ళీ అదే గుమ్మం తొక్కాలి. లక్షా యాభై వేలు ఇప్పిస్తాం, పెట్టె ఖర్చులకైనా వస్తాయి" అన్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం రాసుకునే వచ్చారు. ఈ విషయమై ఇకముందు ఎలాంటి పరిహారమూ అడగము, ఏ కోర్టుకీ వెళ్ళము అని అందులో ఉంది. మా అల్లుడు కలం పట్టుకుని నా వంక చూశాడు. పెట్టమన్నది నేనే.

ఆ క్షణంలో మాకు తెలిసింది ఒక్కటే, బిడ్డ బతికే ఉన్నాడని. మెదడుకి దెబ్బ తగిలిందన్న సంగతి అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఆ దెబ్బ తీరే అంత. చెయ్యి విరిగితే అదే రోజు కనిపిస్తుంది. పుట్టినప్పుడు మెదడుకి ప్రాణవాయువు అందకపోతే నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్కటే బయటపడుతుంది. నాలుగో నెలకి మెడ నిలవలేదు. మగపిల్లలకి కాస్త ఆలస్యమేనన్నారు. ఎనిమిదో నెలకి కూర్చోలేదు. మా వియ్యంకుడికి మూడేళ్ళు నిండాకే మాటలొచ్చాయని చెప్పుకుని ధైర్యపడ్డాం. పది నెలలప్పుడు ఫిట్స్ వచ్చాయి. తాయెత్తు కట్టించాం, మొక్కుకున్నాం. రెండున్నరేళ్ళకి ఎమ్మారై తీస్తే గానీ సెరిబ్రల్ పాల్సీ అన్న మాట మా చెవిన పడలేదు. అప్పటికి స్టాంపు కాగితం వయసూ రెండున్నరేళ్ళే.

వాడికి అన్నం పెట్టడం ఎలా ఉంటుందో చెబుతాను. ఎండాకాలం చిన్న రసాలు వస్తాయి కదా, మా ఇంట్లో పిల్లలంతా చేత్తో నలిపి మొన దగ్గర కొరికి పీల్చుకుంటారు. వాడి పండుని నేను గిన్నెలోకి పిండి పల్చటి గుడ్డలో వడగడతాను. పీచు ఒక్కటి మిగిలినా ప్రమాదమే. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎడమ చేత్తో దవడ పట్టుకోవాలి. చెంచా నాలుక మధ్యలో ఆనించి ఆగాలి. గుటక పడ్డాక మళ్ళీ చెంచా. ఒక కాయ రసం అయ్యేసరికి ముప్పావు గంట. పొలమారితే ఎవరో తలుచుకున్నారని నవ్వుతూ నెత్తి మీద తడతాం మనం. వాడికి పొలమారితే ఇంటిల్లిపాదీ లేచి నిలబడతాం. రెండుసార్లు అలాగే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది.

ఇప్పుడు లెక్క చెబుతాను. ఫిట్స్ మందులు, డైపర్లు, ఏడాదికోసారి పొట్టివైపోయే కాలి స్ప్లింట్లు, వారానికి రెండుసార్లు ఏలూరులో ఫిజియోథెరపీ, ఆ ప్రయాణం, ఏటా తప్పని ఆసుపత్రి చేరికలు అన్నీ కలిపి నెలకి సగటున పద్నాలుగు వేలు. మా అమ్మాయి మానేసిన ఉద్యోగం జీతం ఇందులో కలపలేదు. నా చాకిరీకి రూపాయి వేసుకోలేదు. ఆ ప్రకారం మేము తీసుకున్న లక్షా యాభై వేలు పదకొండు నెలలకి కూడా చాలదు.

ఈ లెక్క కట్టడం నేను సుప్రీంకోర్టు దగ్గర నేర్చుకున్నాను. హర్యానాలో ట్రాక్టర్ మీద వెళుతూ ప్రమాదంలో పడ్డ పన్నెండేళ్ళ పిల్లకి తలకి దెబ్బ తగిలి మెదడు తొమ్మిది నెలల పసిబిడ్డ స్థాయికి పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆమెకి పరిహారాన్ని 62 లక్షలు దాటేలా పెంచింది. అందులో మనిషి సాయానికే 21 లక్షల 60 వేలు. నెలకి పది వేలు, ఏడాదికి పన్నెండు నెలలు, దానికి వయసుని బట్టి 18 రెట్లు. ఆ 18నే మా ఖర్చుకి వేసి చూశాను. ముప్పై లక్షల ఇరవై నాలుగు వేలు వచ్చింది. మూడో రోజు సాయంత్రం మేము సంతకం పెట్టింది అందులో ఇరవయ్యో వంతుకి.

పిల్లాడికి, తల్లిదండ్రులకి వేర్వేరుగా పరిహారం రావాలన్నది ఇప్పటి మాట కాదు. ఢిల్లీలో స్ప్రింగ్ మెడోస్ అనే ఆసుపత్రిలో టైఫాయిడ్‌తో చేరిన పిల్లాడికి అర్హత లేని నర్సు తప్పుడు ఇంజెక్షన్ చేస్తే గుండె ఆగి మెదడు దెబ్బతింది. జాతీయ వినియోగదారుల కమిషన్ పిల్లాడికి పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రుల క్షోభకి మరో ఐదు లక్షలు ఇమ్మంది. పిల్లాడూ వినియోగదారుడే, వాడి కోసం డబ్బు కట్టిన కన్నవాళ్ళూ వినియోగదారులేనని 1998 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని నిలబెట్టింది. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వాసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్లకి చెయ్యాల్సిన కంటి పరీక్ష చెయ్యక చూపు పోయింది. 2015 జూలైలో ఆమెకి కోటీ ఎనభై లక్షలు ఇమ్మన్నారు. కింద వచ్చింది ఐదు లక్షలే. ఈనాటి రూపాయి రేపటికి అదే విలువతో ఉండదని, పరిహారం లెక్కలో ధరల పెరుగుదల కలపాలని ఆ తీర్పు చెప్పింది. పూత మీద బేరం పనికిరాదని నేను పల్లె మాటల్లో చెబుతున్నది, ఆ న్యాయమూర్తులు న్యాయశాస్త్రంలో చెప్పారు.

మన తెలుగు నేల మీద చూస్తే హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి మీద వచ్చిన తీర్పు ఉంది. 1990లో ఛాతీలో కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇంజనీరింగ్ విద్యార్థి నడుం కింద చచ్చుబడిపోయాడు. 1999లో ఇచ్చిన పదిహేనున్నర లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2009 మే నెలలో కోటి చేసింది. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నాడాయన. ఆయనంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఆపరేషన్‌కీ తీర్పుకీ మధ్య పందొమ్మిదేళ్ళు. ఆయన చదువుకున్నవాడు, నోరున్నవాడు. మా బుజ్జిగాడికి మాట రాదు. వాడి తరఫున పందొమ్మిదేళ్ళు నడవాల్సింది మేము. నాకిప్పుడు అరవై ఆరు.

ఎమ్మారై తర్వాత మేము వెంటనే ఏలూరులో ఏ వకీలు దగ్గరికీ వెళ్ళలేదు. స్టాంపు కాగితం మీద సంతకం ఉంది కదా, దారి మూసుకుపోయిందనుకున్నాం. బిడ్డకి నాలుగేళ్ళు వచ్చాక, ఒక శిష్యుడు ఇప్పుడు వకీలయ్యాడని తెలిసి వెళ్ళాను. అతను చెప్పిన సంగతులు విన్నాక నా చదువు మీద నాకే కోపమొచ్చింది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చట. కట్టిన బిల్లు ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదట. గడువు రెండేళ్ళు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చట. ఆడవాళ్ళకీ పిల్లలకీ వికలాంగులకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 నాటి చట్టముందట. ఇంకొకటి చెప్పాడు. దావా నడుస్తున్నప్పుడు మైనరు తరఫున రాజీ పడాలంటే జడ్జి గారి అనుమతి ఉండాలి, ఆ రాజీ పిల్లాడికి మేలో కాదో చూసి గానీ ఆయన ఒప్పుకోరు అన్నాడు. అలసిపోయిన తల్లిదండ్రులు తొందరపడి పిల్లల సొమ్ము వదులుకుంటారని వందేళ్ళ కిందటే చట్టం రాసినవాళ్ళకి తెలుసు! మరి దావా వెయ్యకముందు, అద్దాల పెట్టె పక్కన, సాయంత్రం వేళ రాయించుకునే కాగితం సంగతేమిటి? అక్కడ పిల్లాడి తరఫున ఎవరున్నారు?

చివరికి కేస్ షీట్ అడిగాం. కాన్పు ఎలా సాగింది, బిడ్డ గుండె చప్పుడు ఎన్నిసార్లు చూశారు, డాక్టరమ్మకి కబురు ఎప్పుడెళ్ళింది, బిడ్డకి ఊపిరి అందించడం ఏ నిమిషంలో మొదలైంది అన్నీ అందులో ఉండాలి. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. మూడేళ్ళు దాచితే చాలని కూడా అదే చెబుతోంది. మేము అడిగేసరికి నాలుగేళ్ళు. "పాతవి తీసేశామండీ" అన్నారు. అది నియమం ప్రకారమే జరిగింది. నియమమే మెదడు దెబ్బని ఎరగదు. సివిల్ కోర్టులో మైనరుకి గడువులో కొంత వెసులుబాటు ఉంది కనక దావా వేసే పనిలో ఉన్నాం. చేతిలో ఆ టేపు అంటించిన చీటీ తప్ప ఏమీ లేకుండా వేస్తున్నాం.

ఒక న్యాయం కూడా చెప్పాలి. ఏడవకుండా పుట్టిన ప్రతి బిడ్డ వెనకా డాక్టరు తప్పు ఉండదు. సెరిబ్రల్ పాల్సీలో చాలా వాటికి కారణం కాన్పు గదిలో కాదు, కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుందని వైద్యులు అంటారు, నిజమే. అర్ధరాత్రి దాటాక మా మండలాల్లో కాన్పులు చేసే డాక్టరమ్మలు లేకపోతే మా ఆడపిల్లల గతేమిటో నాకు తెలుసు. కాని తప్పు ఉన్నా లేకపోయినా పిల్లాడికి కాలి స్ప్లింట్లు అవే, మందులు అవే, నెలకి పద్నాలుగు వేలూ అవే. తప్పు రుజువైతేనే పైసా అనే పద్ధతిలో తప్పు జరిగినవాళ్ళలో కూడా కాగితం దొరికినవాళ్ళకే న్యాయం.

జపాన్ వాళ్ళు 2009 జనవరి నుంచి వేరే దారి పట్టారు. కాన్పులో తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ వచ్చిన బిడ్డకి, డాక్టరు తప్పు రుజువు చెయ్యక్కర్లేకుండా, మొదట 60 లక్షల యెన్‌లు, తర్వాత ఏడాదికి 12 లక్షల చొప్పున ఇరవై ఏళ్ళు, మొత్తం మూడు కోట్ల యెన్‌లు ఇస్తారు. కాన్పులు చేసే ఆసుపత్రులు కట్టే బీమా సొమ్ములోంచి అది వస్తుంది. డబ్బిచ్చి ఊరుకోరు. ఆ కాన్పులో ఏం జరిగిందో నిపుణులు నిమిషం నిమిషం పరిశీలించి నివేదిక రాసి కుటుంబానికీ ఆసుపత్రికీ ఇస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మాకు ఆరేళ్ళుగా కావాల్సింది ఆ నివేదిక. డబ్బు దాని తర్వాతే.

అయ్యా, పింఛనుకి కృతజ్ఞతలు. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలు చేశారు, మంచానికే పరిమితమైనవారికి పదిహేను వేలు. సదరం సర్టిఫికెట్ మీద మావాడికి నెల నెలా ఒకటో తారీఖున ఆరు వేలు ఇంటికొస్తున్నాయి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రముంది, అక్కడి టీచరమ్మ వాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, వాడు నవ్వుతాడు. అవి ప్రభుత్వం దయ. నేనడిగేది దయ కాదు, వాడికి రావలసింది.

మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాను. రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులకి 2002 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఇచ్చేది మీ శాఖే. ఆ రిజిస్ట్రేషన్ షరతుల్లో ఒకటి చేర్చండి. కాన్పు కాగితాలన్నిటి నకలు, అడిగినా అడగకపోయినా, డిశ్చార్జి రోజునే తల్లి చేతికివ్వాలి. పుట్టగానే ఏడవని బిడ్డల కాగితాలు పద్దెనిమిదేళ్ళు దాచాలి. సర్కారు కాన్పు గదులకీ అదే వర్తించాలి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోట వినియోగదారుల చట్టం వర్తించదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది కనక, డబ్బు లేక సర్కారు ఆసుపత్రికి వెళ్ళిన తల్లికి మాకున్న వినియోగదారుల కమిషన్ దారి కూడా లేదు. నిజానికి ముందు ఆమె గురించి ఆలోచించాలి మీరు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. పసిబిడ్డకి జరిగిన హానికి ఆసుపత్రికీ కుటుంబానికీ మధ్య ఏ రాజీ జరిగినా, అది జిల్లా న్యాయసేవల సంస్థ ముందు పెట్టి, పిల్లాడి తరఫున ఒక వకీలు చూసి, ముందు ముందు అయ్యే ఖర్చు లెక్కకట్టాకే చెల్లేలా న్యాయశాఖతో మాట్లాడి నిబంధన తీసుకురండి. ఆసుపత్రి సేవల తగాదాలు కోర్టు ఫీజు లేకుండా వినడానికి శాశ్వత లోక్ అదాలత్ అనే ఏర్పాటు చట్టంలో ఇప్పటికే ఉంది. కొత్తగా కట్టాల్సిన భవనమేమీ లేదు. జపాన్ పద్ధతి బీమా గురించి మీ అధికారుల చేత ఒక లెక్క వేయించండి. ఎంతవుతుందో ప్రజలకి చెప్పండి. ఆ లెక్క తప్పైతే సరిదిద్దడానికి రిటైరైన లెక్కల టీచర్లు ఈ రాష్ట్రంలో చాలామంది ఉన్నాం.

ఈ ఉత్తరం పత్రికలో చదివే తల్లులకి, అమ్మమ్మలకి ఒక మాట. మీ ఇంట్లో బిడ్డ పుట్టగానే ఏడవకపోతే, ఆ వారంలోనే కేస్ షీట్ నకలు కావాలని కాగితం మీద రాసి అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఏలూరు జిల్లా కోర్టులో న్యాయసేవల సంస్థ ఆఫీసుంది, మీకు వకీలుని ఉచితంగా ఇస్తారు. ఎంత మంచివాళ్ళు తెచ్చినా సరే, బిడ్డ మెడ నిలిచేదాకా ఏ స్టాంపు కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇట్లు,
బుజ్జిగాడి అమ్మమ్మ,
చింతలపూడి, ఏలూరు జిల్లా